సాక్షి రాయి

ఆ ఏడు మాకు వేసవి సెలవులు నలభై రెండు రోజులు. మొదటి రోజు పొద్దున్నే మా ఆయన పనిగది తాళం తీశాను. ఆయన పోయి అప్పటికి మూడు నెలలు. గది అద్దెది. ఇంటాయన మంచివాడు, తొందరపెట్టలేదు. "బడి తెరిచేలోపు ఖాళీ చేస్తే చాలు, టీచరమ్మా" అన్నాడు. సరేనన్నాను. ఆ గది ఖాళీ చేయడమంటే ఏమిటో ఆయనకు తెలియదు.

లోపల నేల మీద, బల్లల కింద, గోడ వారగా, గోనెసంచుల్లో, నూనె డబ్బాల్లో, ఎక్కడ చూసినా తూకపు రాళ్ళే. అయిదు కిలోలవి, రెండు కిలోలవి, కిలోవి, అరకిలోవి. వాటి మీద విరిగిన త్రాసు కాడలు, సొట్టలు పోయిన పళ్ళేలు, చిక్కుపడ్డ గొలుసులు.

మా ఆయన కాటాలు బాగుచేసేవారు. బజారులో ఆయన్ని పెద్ద కాటా అనేవాళ్ళు. కొట్టువాళ్ళ ఇనప రాళ్ళు ఏళ్ళ తరబడి వాడగా అరిగి తూకం తగ్గుతాయి. అలా తగ్గిన రాయిని మా అత్తయ్య ఆకలి రాయి అనేది. ఇంట్లో అందరికీ ఆ మాటే అలవాటైంది. ఆయన ఆకలి రాళ్ళను ఏరి పక్కన పెట్టి, కొట్టువాళ్ళ చేత కొత్తవి కొనిపించేవారు. పాతవి మొదట్లో పాత ఇనుము వాడికి వేసేవారు. కరిగించేస్తానని వాడు ఒట్టేశాడు. రెండు నెలలు తిరక్కుండానే ఒక కూరగాయల బండి మీద, గుర్తుకు తను పెట్టిన ఆకురాయి గీత ఉన్న రాయినే ఆయన మళ్ళీ చూశారు. దాన్ని అక్కడికక్కడే కొని ఇంటికి తెచ్చారు. ఆ పూట అన్నం తినలేదు.

"ఇంక నా చేతి మీదుగా ఒక్క ఆకలి రాయి బజారుకు వెళ్ళదు" అన్నారు.

ఆ ఒక్క మాట పంతొమ్మిదేళ్ళలో మూడువందల నలభై రాళ్ళయింది. మనిషి వెళ్ళిపోయారు, మాట మాత్రం గది నిండా ఉంది. దాన్ని చెడకుండా ఎక్కడ పెట్టాలన్నదే ఆ వేసవిలో నా ముందున్న పని.

మూడో రోజు మా ఆడపడుచు వచ్చింది. ఆమెకు ఊరి చివర వెల్డింగ్ షెడ్డు ఉంది. గేట్లు, కిటికీ గ్రిల్స్ చేస్తుంది. చేయి బాగా తిరిగిన మనిషి, నోరు అంతకు రెండింతలు. గుమ్మంలో నిలబడి, నడుం మీద చేతులు పెట్టుకుని గదంతా కలియజూసింది.

"అన్నయ్య ఏదో కూడబెట్టాడని జనం అంటుంటే నమ్మలేదు వదినా. నిజంగానే కూడబెట్టాడు."

"వేళాకోళం ఆపు. దారి చెప్పు."

"కరిగించెయ్."

"కరిగిస్తానన్నవాడే కదా అప్పుడు అమ్ముకుంది."

"పాతిపెట్టు."

"తవ్వుకుంటారు."

"నీతో కష్టం వదినా. నా దగ్గర కొలిమి లేదు. నాకు వచ్చిందల్లా ఒకదానికొకటి అతికించడం."

"అయితే అతికించు" అన్నాను. "మళ్ళీ ఎవరూ విడదీయలేకుండా అతికించు."

ఆలోచించి అన్న మాట కాదు. కానీ నోటి నుంచి వచ్చాక అదే సరైనదని తెలిసిపోయింది. తరగతిలో కూడా కొన్ని లెక్కలకు జవాబు ముందు తెలుస్తుంది, దారి తర్వాత దొరుకుతుంది.

ఆడపడుచు కింద కూర్చుని అయిదు కిలోల రాయి నేల మీద పెట్టింది, దాని మీద రెండు కిలోలది నిలబెట్టింది, పైన ఒక సొట్ట పళ్ళెం బోర్లించింది. తల పక్కకు వంచి చూసుకుంది.

"కోడిపెట్టలా లేదూ?"

"ఎవరే కోడిపెట్ట?" గుమ్మం పక్క కుర్చీలోంచి అత్తయ్య అడిగింది. ఆమెకు చూపు మందగించి ఆరేళ్ళయింది కానీ చెవులు మాత్రం పాము చెవులు.

"నువ్వేనమ్మా. గంప కింద కూర్చున్నట్టే ఉన్నావు."

మూడు నెలల తర్వాత ఆ గదిలో నవ్వు వినబడటం అదే మొదలు. నవ్వింది అత్తయ్య.

మర్నాడు ఆడపడుచు తన సామానంతా బండిలో వేసుకొచ్చి, గది వెనక పెరట్లో రేకుల నీడన దించింది. పోత ఇనుము మామూలు కడ్డీలతో అతకదట, వేరే రకం కడ్డీలు తెచ్చుకుంది. మధ్యాహ్నానికల్లా మొదటి కోడిపెట్టను రెండు కాళ్ళ మీద నిలబెట్టింది. ఒక్కో కాలు మూడు రాళ్ళు. చూడటానికి దర్జాగా ఉంది. తోక అతికిస్తుండగా కాలి కింద నుంచి వెండిలా మెరుస్తూ ఒక చుక్క జారింది. తర్వాత ఇంకొకటి.

"వదినా, కోడి ఏడుస్తోంది."

చూస్తుండగానే అది ఒక పక్కకు ఒరిగి, పెద్దమనిషి పడకకుర్చీలో చేరగిలబడ్డంత తీరిగ్గా నేల మీద కూర్చుండిపోయింది.

పెద్ద కాటా ఇంటివాళ్ళం మర్చిపోకూడని సంగతి ఒకటి ముగ్గురం మర్చిపోయాం. ప్రతి ఇనప రాయికి అడుగున ఒక గుంట ఉంటుంది. దాన్లో సీసం పోసి తూకం సరిచేస్తారు. ఆ సీసపు బిళ్ళ మీదే అధికారి ముద్ర కొడతాడు. వెల్డింగ్ వేడికి సీసం కరిగి అతుకులోకి దిగింది. సీసం కలిసిన అతుకు నిలవదు.

ఆడపడుచు తల పట్టుకుంది. "అన్నయ్య ఉంటే నన్ను గుమ్మం ఎక్కనిచ్చేవాడు కాదు."

"ఏడ్చింది మంచిదే" అన్నాను. "సీసంతో పాటు ముద్ర పోయింది. ముద్ర పోతే అది రాయి కాదు, ఉత్త ఇనుము. ఇంక ఎవరూ దాన్ని త్రాసులో వేయలేరు."

"అయితే ముందు అన్నిటి సీసమూ ఊడగొట్టాలి. మూడువందల నలభై. ఎవరు కొడతారు?"

"నేను."

"సుద్దముక్క కాదు వదినా, ఉలి."

"తెలుసు."

అలా నాకొక పని దొరికింది. పొద్దున్నే పెరట్లో పీట వేసుకుని, ఒక్కో రాయినీ బోర్లించి, గుంట అంచున ఉలి పెట్టి సుత్తితో కొట్టేదాన్ని. మొదటి రోజు పదకొండు రాళ్ళకే అరచేతుల్లో బొబ్బలు లేచాయి. వారం తిరిగేసరికి రోజుకు ముప్ఫై. బిళ్ళ ఊడేటప్పుడు టప్పుమని చిన్న చప్పుడు వచ్చేది. ఆ చప్పుడుతో ఒక రాయి బజారు నుంచి సెలవు తీసుకునేది. పరామర్శకు వచ్చిన వాళ్ళంతా "లోపల పెట్టుకోకండి, ఏడవండి" అని చెప్పి వెళ్ళారు. నాది ఏడుపు వచ్చే మనస్తత్వం కాదు. ఉలి చాలనిపించింది.

అత్తయ్య రాళ్ళను చేత్తో పట్టి చూసి నా ముందు పేర్చేది. "ఇది బాగా ఆకలి మీదుంది. ఇది పరవాలేదు, ఏదో కొంచెం తిని వచ్చింది."

రెండో వారానికి మూడు కోడిపెట్టలు, ఒక తాబేలు అయ్యాయి. ఈసారి ఏవీ కూర్చోలేదు. నాలుగో పెట్టకు కాళ్ళు ఏరుతుంటే అత్తయ్య అంది:

"కోళ్ళూ తాబేళ్ళూ ఎన్నాళ్ళు చేస్తారే? వాడిని చేయండి."

ఆడపడుచు కళ్ళకు పెట్టుకున్న నల్లద్దాల తొడుగు పైకెత్తలేదు. "నాకు ముఖాలు రావమ్మా" అంది దాని వెనక నుంచే.

"ముఖం వద్దు" అన్నాను. "ముఖం నాకు గుర్తుంది. వంగిన తీరు చేయి."

ఆ వంగడం ముగ్గురికీ తెలుసు. తూకం సరిచూసేటప్పుడు ఆయన ముక్కాలి పీట మీద కూర్చుని, చేతులు మోకాళ్ళ మీద పెట్టి, త్రాసు ముల్లుకు జానెడు దూరంలోకి ముఖం తెచ్చి ఊపిరి బిగపట్టేవారు. ఫ్యాన్ ఆపేయాలి. గదిలో ఎవరున్నా ఊపిరి బిగపట్టాలి, ఇంటికొచ్చిన చుట్టాలైనా సరే. ముల్లు ఆగాక "ఆ, వదలండి" అనేవారు. అందరం ఒక్కసారి వదిలేవాళ్ళం. పెళ్ళయిన కొత్తలో నాకు నవ్వు ఆగేది కాదు. తర్వాత్తర్వాత నేనే పక్కవాళ్ళను కసురుకునేదాన్ని. ఆ కాసేపూ నా కళ్ళు ముల్లు మీదే ఉండేవి. పళ్ళెంలో ఆయన ఏం పెడుతున్నారో ఎప్పుడూ చూడలేదు.

పని సాగింది. అయిదు కిలోల రాళ్ళు తుంటి దగ్గర, రెండు కిలోలవి నడుము దగ్గర, పైకి పోయేకొద్దీ కిలోవి, అరకిలోవి, మెడ దగ్గరకొచ్చేసరికి పావుకిలోవి. ఒక దాని మీద ఒకటి వంపుగా వెళ్తే అచ్చం వెన్నుపూసే. విరిగిన త్రాసు కాడలు పక్కటెముకలయ్యాయి. రెండు పళ్ళేలు భుజాలయ్యాయి. ఏ వస్తువునూ కోయకూడదు, రంగు వేయకూడదు అన్నది ఆడపడుచు పెట్టుకున్న నియమం. "ఏది ఏమిటో తెలియాలి వదినా. లేకపోతే గేటు చేసినట్టే ఉంటుంది."

అత్తయ్య ప్రతి సాయంత్రం వచ్చి వీపు తడిమేది.

"ఇంకాస్త వంచు. వాడు ఇంత నిటారుగా ఎప్పుడు కూర్చున్నాడు?"

"ఇంకా వంచితే ముందుకు పడతాడమ్మా."

"ముప్ఫై అయిదేళ్ళు అలాగే కూర్చున్నాడు. ఒక్కసారైనా పడ్డాడా?"

వంచింది. పడలేదు.

చివరికి కళ్ళజోడు మిగిలింది. అద్దాలకు రెండు గొలుసు కడియాలు సరిపోయాయి. చెవికి చుట్టే కాడ కోసం సన్నటిదేదైనా ఇమ్మని ఆడపడుచు అడిగింది. సాక్షి పెట్టెలో ఒక తీగ ఉండాలని గుర్తొచ్చింది.

సాక్షి అంటే ఆయన సొంత రాయి. కిలో ఇత్తడిది, ఆయన గురువు ఇచ్చినది. బజారు రాళ్ళన్నిటినీ దానితోనే సరిచూసేవారు. దానికి ముఖమల్ వేసిన చెక్కపెట్టె ఉంది. ప్రతి ఆదివారం పెట్టె తెరిచి, బూడిద, నిమ్మచెక్క పెట్టి దాన్ని తోమేదాన్ని. ఆయన పనిలో నేను పెట్టిన చేయి అదొక్కటే. "ఇంత తళతళ దేనికి? అది తూకపు రాయి, పెళ్ళికూతురు కాదు" అనేవారు ఆయన. నేను వినేదాన్ని కాదు. ఆ పెట్టె మూలలో ఒక జానెడు రాగి తీగ చుట్టి ఉండేది. చెత్త అనుకుని ఒకసారి పారేస్తే, బూడిదకుప్ప అంతా వెతికి తెచ్చి మళ్ళీ అక్కడే పెట్టుకున్నారు. ఏదో అలవాటు అనుకున్నాను.

ఆ తీగ తీసి ఆడపడుచుకు ఇచ్చాను. ఆమె దాన్ని అద్దానికి మెలిపెట్టి చెవి వెనక్కి చుట్టింది.

"కొలిచి కోసినట్టు సరిపోయింది వదినా."

సెలవులు ఇంకా తొమ్మిది రోజులు ఉన్నాయనగా చిన్న కాటా వచ్చాడు. మా ఆయన దగ్గర పని నేర్చుకుని, పాతికేళ్ళ కిందటే సొంత కొట్టు పెట్టుకున్న మనిషి. నలభై అయిదేళ్ళు, బట్టతల, అయినా బజారుకు ఇప్పటికీ చిన్న కాటాయే. పెరట్లో వంగి కూర్చున్న ఆకారాన్ని చూసి గొంతు తగ్గించేశాడు, అక్కడ తూకం జరుగుతున్నట్టు.

"గురువుగారు ఒకసారి అన్నారండీ, నా తర్వాత సాక్షి నీకే అని. మీకు అభ్యంతరం లేకపోతే."

"నీకేనని నాకూ చెప్పారు" అన్నాను. పెట్టె తెచ్చి ఇచ్చాను.

అతను గదిలోకి వచ్చి తన ఎలక్ట్రానిక్ కాటా బల్ల మీద పెట్టి, లేచి ఫ్యాన్ ఆపాడు. సాక్షిని దాని మీద ఉంచాడు. చూశాడు. తీసి, కాటా పళ్ళెం తుడిచి, మళ్ళీ ఉంచాడు. మూడోసారి ఉంచాక చేతులు వెనక్కి తీసుకున్నాడు.

"ఏమైంది?"

"ఏం లేదు టీచరమ్మా."

"తప్పు చేసిన పిల్లలు కూడా నాతో ఇలాగే అంటారు. చెప్పు."

"గ్రామున్నర తక్కువుంది."

"నీ డబ్బాకే ఏదో జబ్బు చేసుంటుంది" అంది ఆడపడుచు.

"నిన్ననే ముద్ర వేయించానమ్మా దీనికి."

సాక్షి తక్కువైతే, దానితో సరిచూసిన ప్రతి రాయీ తక్కువే. ఎన్నేళ్ళుగానో ఎవరికి తెలుసు? పెద్ద కాటా ఉన్నన్నాళ్ళూ ఈ బజారులో మోసం లేదని, ఆయన పోయిన రోజు వరుసగా వచ్చి చెప్పిన వాళ్ళంతా గుర్తొచ్చారు.

"ఇది మన నలుగురి మధ్యే ఉంటుంది" అన్నాడు చిన్న కాటా. "నేను ఎవరికీ చెప్పను టీచరమ్మా."

ఆ అంకె కన్నా ఆ మాట ఎక్కువ నొప్పించింది.

"చెప్పాలి" అన్నాను. "తక్కువుందని తెలిస్తే అందరికన్నా ముందు ఆయనే చెప్పేవారు. రేపు నేనూ బజారుకు వస్తాను. ఆయన సరిచూసిన రాళ్ళన్నీ మళ్ళీ తూద్దాం."

"వదినా, కాస్త ఆలోచించి..."

"ఆలోచించాను."

అప్పుడు కుర్చీలోంచి అత్తయ్య అంది: "తీగ పెట్టారా?"

"ఏ తీగ అత్తయ్యా?"

"తీగ పెట్టకుండా సాక్షిని తూస్తారా ఎవరైనా? వాడు పళ్ళెంలో రాయి పెట్టి, పక్కన తీగ పెట్టి, అప్పుడు కదా తూచేవాడు. ఏటా ఆఫీసులో సర్కారు రాయితో పోల్చుకొచ్చి కొత్త తీగ కోసేవాడు. ఏడాదికేడాది కాస్త పొడుగు. నా పక్కన కూర్చునేగా కోసేవాడు."

"తీగ దేనికమ్మా?" ఆడపడుచు అడిగింది.

అత్తయ్య ముఖం నా వైపు తిప్పింది. "ఇత్తడి ఊరికే అరుగుతుందా?" అంది మెల్లగా.

ఆదివారం ఆదివారం బూడిదతో తోమడం, ఇరవై ఆరేళ్ళు. నా చేతులు నా ఒడిలోనే ఉన్నాయి. ఉలి పట్టిన కాయలు వాటి మీద ఇంకా మానలేదు.

"కొత్తది తెచ్చుకోరా అన్నాను. తెస్తే పాతదానికి ఏమైందని తను అడుగుతుందమ్మా, అన్నాడు. నన్ను కూడా చెప్పొద్దన్నాడు." అత్తయ్య చీర అంచు సర్దుకుంది. "ఇప్పుడు చెప్పాల్సి వచ్చింది."

నేను లేచి పెరట్లోకి వెళ్ళాను. రేకుల నీడన ఆయన వంగి కూర్చుని ఉన్నారు. చెవి వెనక మెలి విప్పి తీగ తీశాను. ఎండకు వెచ్చగా ఉంది.

"కొస ఏమైనా కత్తిరించావా?" లోపలికొచ్చి ఆడపడుచును అడిగాను.

"లేదు వదినా. అవసరం రాలేదు." ఆమె గొంతు అంత చిన్నగా రావడం నేనెప్పుడూ వినలేదు.

తీగను చుట్టి సాక్షి పక్కన పెట్టాను. చిన్న కాటా ముందుకు వంగాడు. ఆడపడుచు నా భుజం మీదుగా వంగింది. అంకెలు అటూ ఇటూ కొట్టుకున్నాయి. తొమ్మిదివందల తొంభై తొమ్మిది దాటి కాసేపు ఊగాయి. తర్వాత ఆగాయి.

వెయ్యి. దాని పక్కన చుక్క, చుక్క పక్కన సున్నా.

ఎవరూ కదల్లేదు.

"ఆగిందా?" అంది అత్తయ్య. "ఎంతసేపు బిగపట్టమంటారే నన్ను?"

ఆ మాట అనాల్సిన మనిషి ఇంక అనరు. మిగిలిన ముగ్గురూ నా వైపే చూస్తున్నారు.

"వదలండి" అన్నాను.

నలుగురం ఒక్కసారి ఊపిరి వదిలాం.

చిన్న కాటా పెట్టె దగ్గరకు లాక్కున్నాడు. "తీగతో సహా తీసుకెళ్తానండీ. జాగ్రత్తగా చూసుకుంటాను."

"నువ్వు చూసుకుంటావు. నీ తర్వాతవాడు తీగ చూసి చెత్త అనుకుంటాడు. నేను అనుకోలేదూ?" పెట్టె మూత వేశాను. "తీగ తప్పిపోయిన రోజు ఇది ఆకలి రాయి అవుతుంది. ఆకలి రాయి బజారుకు వెళ్ళకూడదు. నీకు కొత్త సాక్షి నేను కొనిస్తాను."

అతను తలూపాడు. "గురువుగారే మాట్లాడినట్టుంది."

"కాదు, నేనే."

ఆ సాయంత్రమే ఆడపడుచు ఆయన విగ్రహం మోకాలి మీది కుడిచేతిని ఊడదీసి, వెల్లకిలా తిప్పి అతికించింది. అరచేతిలో సాక్షిని కూర్చోబెట్టి, చుట్టూ సన్నని ఇనపకడ్డీలతో గూడు కట్టింది. బొక్క వేయలేదు, వేడి తగలనివ్వలేదు. తీగ మళ్ళీ చెవి వెనక్కి వెళ్ళింది. రాయీ తీగా రెండూ ఒక్క మనిషి మీదే ఉన్నాయి కాబట్టి తూకం సరిగ్గానే ఉన్నట్టు.

బజారు మొదట్లో ఆయన వారం వారం కూర్చునే అరుగు ఉంది. విగ్రహాన్ని అక్కడికి పదకొండు మంది మోశారు. ఎంత బరువుంటాడని ఎవరో అడిగితే, "తూచాల్సిన వాడినే తూచమంటే ఎలా?" అన్నాడు చిన్న కాటా. తాబేలు బడికి వెళ్ళింది. ఒక కోడిపెట్టను ఇంటాయన అడిగి తీసుకున్నాడు, తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డు పెట్టుకోవడానికట. మిగతా రెండూ ఆడపడుచు షెడ్డు ముందు నిలబడ్డాయి. వాటిని చూసి ఇప్పుడు గేట్ల కన్నా కోళ్ళనే ఎక్కువ మంది అడుగుతున్నారని తిట్టుకుంటూ చెబుతుంది, ముఖం నిండా సంతోషంతో.

బడి తెరవడానికి ముందు రోజు గది ఊడ్చి తాళం ఇచ్చేశాను. ఒక్క రాయి మిగల్లేదు.

బడికి నా దారి బజారు మీదుగానే. మొదటి రోజే కూరగాయలామె ఆపింది.

"టీచరమ్మా, మీ ఆయన్ని కాస్త అటు తిప్పి కూర్చోబెట్టకూడదా? తూచినప్పుడల్లా నాకు ఊపిరి ఆగిపోతోంది."

"కొన్నాళ్ళకు అలవాటవుతుందిలే" అన్నాను.

వానలు మొదలయ్యాక ఇత్తడి రంగు మారింది. ముందు తళతళ పోయింది. తర్వాత అంచులు గోధుమరంగుకు తిరిగాయి. ఇప్పుడు దూరం నుంచి చూస్తే చుట్టూ ఉన్న ఇనుములో కలిసిపోయింది. కడ్డీల మధ్య రెండు వేళ్ళు దూరేంత సందుంది. కొంగు చివర పట్టుకుని నాలుగుసార్లు రుద్దితే చాలు, మెరుపు లోపలే ఉంది, నాకు తెలుసు.

రోజూ అక్కడ ఒక నిమిషం నిలబడి బడికి వెళ్తాను. దాన్ని తుడవను.